ఆగమన కాలంల క్రిస్మస్ పాటలు పాడకుండ్రి – కోయిర్ల పాడేటోళ్లకు, వాయించేటోళ్లకు ఒక మాట

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన డిసెంబర్ మొదట్ల మీ జిల్లా పేజీల ఒక ఫోటో వేసిన్రు. చర్చిల చిన్నపిల్లలు ఆకుల చుట్టల పెట్టిన 4 కొవ్వొత్తులల్ల మొదటిది ముట్టిస్తున్నరు, కింద "క్రిస్మస్ వేడుకలు షురూ" అని రాసిన్రు. ఆ విలేకరిని తప్పు పడుదామని ఈ ఉత్తరం రాస్తలేను, ఎందుకంటే మా దిక్కు శాన చర్చిలల్ల ఆ ఆదివారం పాటలు ఇన్న మనిషి ఎవరైనా అట్లనే రాస్తడు, పశువుల పాక, తార, గొల్లలు, పుట్టిండు పుట్టిండు అని పొద్దుగాలనే మొదలైతది, ప్యాడ్స్ మీద దరువు గోడలు అదిరేటట్టు. కానీ పుట్టడానికి ఇంకా 4 వారాలు ఉన్నది. ఆ రోజు చదివే సువార్తల పుట్టుక మాటే ఉండదు, మెలకువతోని ఉండుండ్రి, ప్రభువు ఏ గడియల వస్తడో తెల్వదు అనే మాట ఉంటది. వాక్యం ఒకటి చెప్తుంటె పాట ఇంకొకటి చెప్తే కూసున్న జనం దేన్ని పట్టుకోవాలె చెప్పుండ్రి.

నేను హాలియా దగ్గర ఒక ఊర్ల అంగన్‌వాడీ టీచర్ని, ఆదివారం చర్చిల పాటలు పాడిపిస్త, కీబోర్డు నేనే వాయిస్త. మాది క్యాథలిక్ చర్చి. మా నాయిన ఉపదేశి. మా నల్లగొండ మేత్రాసనం, అంటే ఒక బిషప్ గారి కింద ఉండే చర్చిల పరిధి, ఏర్పడ్డది 1976ల, అప్పటి రోజులల్ల ఫాదర్ గారు ఒక్కో ఊరికి నెలకు ఒకసారో రెండుసార్లో వచ్చేటోళ్లట, తక్కిన ఆదివారాలు ప్రార్థన నడిపేది ఉపదేశులే, మా నాయిన హార్మోనియం సైకిల్ మీద కట్టుకొని మూడు ఊర్లు తిరిగేటోడు. నాకు సరిగమలు వచ్చింది ఆయన పక్కన కూసొనే. ఆయన ఒక్క పాట మొదలుపెట్టే ముందు ఆ రోజు సువార్త మొత్తం చదివేటోడు, చదివినంక కొంచెంసేపు ఊకుండి, అప్పుడు పాటల పుస్తకం తీసేటోడు. ఇప్పుడు మేం శనివారం రాత్రి వాట్సాప్ గ్రూపుల "రేపు ఏం పాటలు" అని అడిగి, ఎవరికి ఏది వస్తె అది పెట్టేస్తున్నం. నాకు ఈ విషయంల మస్తు బాధ ఉన్నది, అందుకే ఇంత పొడుగు రాస్తున్న, ఏమనుకోకుండ్రి.

తెల్వనోళ్ల కోసం ముందుగాల ఇది చెప్త. ఆగమన కాలం అంటే ప్రభువు రాకడ కోసం ఎదురుచూసే కాలం. నవంబర్ 27 నుంచి డిసెంబర్ 3 లోపట పడే ఆదివారం మొదలై 24 సాయంత్రం దాంక ఉంటది, 4 ఆదివారాలు. ఫాదర్ గారు ఊదారంగు వస్త్రం వేసుకుంటరు, ఆదివారం పూజల (మాస్ అంటరు) "దేవునికి మహిమ" అని పాడే మహిమ గీతం ఉండదు, అల్లెలూయా మాత్రం ఉంటది, ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలంల లెక్క దాన్ని ఆపరు. ఎందుకంటే ఇది ఏడుపు కాలం కాదు, బిడ్డ కడుపుల ఉన్న ఇల్లు ఎట్లుంటదో అట్లాంటి కాలం. ఇల్లు అలుకుతరు, ఉయ్యాల కడుతరు, అందరికి లోపల సంబురమే ఉంటది, కానీ బారసాల పాట ఎవ్వరు పాడరు గదా ఇంకా. వాయిద్యాల గురించి కూడ ఇదే మాట రాసే ఉన్నది, రోమా పూజ పుస్తకం ముందల ఉండే సాధారణ సూచనలల్ల 313వ నంబరు చూడుండ్రి, ఆగమన కాలంల ఆర్గన్ గాని వేరే వాయిద్యాలు గాని మితంగ వాడాలె, ఆ కాలానికి తగినట్టు ఉండాలె, ప్రభువు జననం నాటి పూర్తి సంతోషాన్ని ముందుగాలనే బయటపెట్టొద్దు అని. తపస్సు కాలంల అయితే ఇంకా గట్టిగ, పాటకు ఆసరా ఇచ్చేటందుకే వాయించాలె అని.

మితంగ అంటే ఎట్ల అని మా కోయిర్ పోరగాండ్లు నన్ను అడిగిన్రు, న్యాయమే వాళ్లు అడిగింది. నేను చేసింది చెప్త. కీబోర్డుల స్టైల్ బటన్ బంద్ పెట్టిన, అంటే ఆ తయారు దరువు, బేసు దానంతటది కొట్టుకునేది ఉంటది గదా అది. ఎడమ చేత సా, పా పట్టి ఉంచి, కుడి చేత పాట వరుస మాత్రమే, అది కూడ ఆర్గన్ టోన్ మీద మెత్తగ. మొదటి రెండు ఆదివారాలు ఢోలక్ మూతపెట్టి సంచిల పెట్టినం. మొదటి వారం పిలగాండ్లకు చేతులు ఊరుకోలే, చర్చి ఖాళీ ఖాళీగ ఉన్నదక్కా అన్నరు. రెండో వారం ఏమైందంటే, వెనక వరుసల కూసునే ముసలవ్వల గొంతులు నాకు ముందుకు ఇనబడ్డయి, ఇన్నేండ్లల్ల నేను వాళ్ల గొంతులు ఇననే లేదు, వాళ్లు పాడుతరని కూడ నాకు తెల్వదు. మూడో ఆదివారం సంతోషించుండ్రి అని పిలిచే ఆదివారం, ఫాదర్ గారు ఊదారంగు జాగల గులాబి రంగు వేసుకోవచ్చు, ఆ రోజు ఢోలక్ బయటికి తీసినం, తాళాలు కూడ. నాలుగో వారం మళ్ల నిమ్మలం. అట్ల చేస్తె 24 రాత్రి మహిమ గీతం ఎత్తుకున్నప్పుడు గంటలు, డప్పు, ఢోలక్, కీబోర్డు అన్ని ఒక్కసారి లేసినయి, నా పక్కన ఉన్న పదో తరగతి పిల్ల కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. నెలంత అదే మోత మోగి ఉంటే ఆ రాత్రి ఆ పిల్లకు ఏం కొత్త ఉండేది.

వరుసల విషయం కూడ ఒకటి చెప్పాలె. మా నాయిన మోహన రాగంల ఉన్న ఒక మామూలు వరుసను తీసుకొని గాంధారం ఒక్కటి అర మెట్టు దించి వాయించి చూపిచ్చేటోడు, అది శివరంజని అయితది, సా రి పా దా అన్ని ఆడనే ఉంటయి, ఒక్క గా మారుతది అంతే, మనిషి మనసు మొత్తం వేరే తీరుగ అయితది. కీబోర్డోళ్ల భాషల చెప్పాలంటే సి డి ఇ జి ఏ ల ఇ జాగల ఇ ఫ్లాట్. ఆగమన కాలం పాట అంటే ఊకె మైనర్‌ల ఏడ్పియ్యాలని నేను అంటలేను, ఎదురుచూపుల ఆశ కూడ ఉంటది, కానీ గెంతే వరుస మీద "రావయ్యా ప్రభువా" అని రాస్తే ఆ పిలుపు పిలుపు లెక్క ఉండదు. మాటలు చదివి, వరుస ఒక్కటే గొణిగి, రెండు ఒక్కటే మాట చెప్తున్నయా అని చూసుకోవాలె.

డిసెంబర్ 17 నుంచి ఇంకో మెట్టు. మా ఊర్ల ధనుర్మాసం మొదలైనంక పొద్దుగాల గుడి మైకుల తిరుప్పావై ఇనబడుతది, రోజుకొక పాశురం, 30 రోజులు. మా పక్కింటి అత్తమ్మ చలిల లేసి ముగ్గేసి పోతది దానికి. నేను ఆమెకు చెప్పిన, అత్తమ్మా మాకు కూడ ఇట్లాంటిదే ఉన్నది, 17 నుంచి 23 దాంక 7 రోజులు, రోజుకొక పేరుతోని ప్రభువును పిలుస్తం అని. సాయంకాల ప్రార్థనల మరియమ్మ స్తోత్రగీతానికి ముందు వెనక పాడేవి అవి, ఓ జ్ఞానమా, ఓ అదొనాయ్ (అంటే ప్రభువా), ఓ యిషాయి వేరా, ఓ దావీదు తాళపుచెవీ, ఓ ఉదయ కిరణమా, ఓ జాతుల రాజా, ఓ ఇమ్మానుయేలూ. లాటిన్ల ఈ 7 పేర్ల మొదటి అక్షరాలు కింది నుంచి పైకి చదివితే "ఏరో క్రాస్" అని వస్తది, అంటే రేపు వస్తా అని. 23 నాడు చివరి పిలుపు అయినంక ఆయన జవాబు ఇచ్చినట్టు. ఇంత అందమైనది మన చేతుల ఉండంగ మా దిక్కు శాన కోయిర్లకు దీని ఊసే తెల్వదు. ఒక్క చిన్న వరుస కట్టుకొని, 7 రోజులు అదే వరుస, పేరు ఒక్కటి మార్చుకుంట పాడితే సరిపోతది. పూజల అల్లెలూయా వచనాల జాగల కూడ ఆ పిలుపులే వస్తయి ఆ రోజులల్ల. మా ఊర్ల ఇంటింటికి క్యారల్స్ పోవుడు కూడ 17 తర్వాతకే జరిపినం, అంతకుముందు 5వ తారీకు నుంచే తిరిగేటోళ్లం.

ఇంక మరియమాత పండుగలు. ఆగమన కాలం నడుమ డిసెంబర్ 8 వస్తది, నిష్కళంక మాత పండుగ. నేను పెద్ద తప్పు చేసింది ఈ పండుగ నాడే. ఆగమన కాలంల మహిమ గీతం లేదు అని బట్టీ పట్టిన గదా, 8 నాడు కూడ తీసేసిన. అది మహోత్సవం, అంటే పండుగలల్ల అన్నిటికంటె పెద్ద తరగతి, ఆ రోజు మహిమ గీతం ఉంటది. ప్రభువా దయచూపుము అయిపోంగనే నేను కీబోర్డు మీద చెయ్యి తీసి కూసున్న, ఫాదర్ గారు రెండు నిమిషాలు చూసి ఆయనే ఎత్తుకున్నరు, శ్రుతి దొరకలే, జనం సగం సగం అందుకున్నరు. ఆ రోజు నుంచి పండుగ ఏ తరగతిదో చూడకుండ పాటల లిస్టు రాయలేదు నేను. ఇంకోటి, 8వ తారీకు ఆదివారం పడితే ఆగమన ఆదివారానికే జాగ ఇచ్చి పండుగను మామూలుగ సోమవారానికి జరుపుతరు, క్యాలెండర్ల ఎర్రంకె చూసి పాటలు పెడితే పొరపాటు అయితది.

ఈ పండుగ అర్థం కూడ శాన మందికి తిరగబడి ఉన్నది. ఆ రోజు సువార్త గాబ్రియేలు దూత మరియమ్మ కాడికి వచ్చిన ఘట్టమే, అందుకని యేసు గర్భంల పడ్డ పండుగ అనుకొని ఆ పాటలే పెడుతరు. కాదు. తల్లి అన్నమ్మ కడుపుల మరియమ్మ పడ్డ మొదటి గడియ నుంచే ఆమెకు జన్మపాపం (ఆదాము నుంచి మనుషులకు వచ్చే పాపం) అంటలేదు అనేది ఈ పండుగ, 9వ పయస్ పోపు గారు 1854 డిసెంబర్ 8న విశ్వాస సత్యంగ ప్రకటించిన్రు. మా కోయిర్ ఆడపిల్లలకు నేను నెలలు లెక్కపెట్టి చెప్పిన, డిసెంబర్ 8 నుంచి 9 నెలలకు సెప్టెంబర్ 8, అది మరియమ్మ పుట్టినరోజు, మార్చి 25 నుంచి 9 నెలలకు డిసెంబర్ 25, అది యేసు పుట్టినరోజు. ఒక్కసారి చెప్తే మళ్ల మర్చిపోలేదు ఎవ్వరు. ఆ 8వ తారీకు కీర్తన 98వది, ప్రభువుకు కొత్త పాట పాడుండ్రి, ఆయన అద్భుతాలు చేసిండు అని. అంటే మరియమ్మ పండుగ నాడు కూడ మొదటి పొగడ్త దేవునికే.

ఇక్కడనే నా గట్టి మాట ఒకటి ఉన్నది, కొందరికి కోపం వస్తె రానీ. మన మరియమ్మ పాటలల్ల "ఆరాధన" అనే మాట ఎక్కడన్న ఉంటే ఆ చరణం పాడొద్దు. ఆరాధన దేవునికొక్కనికే. మరియమ్మకు వందనం, గౌరవం, మా కోసం ప్రార్థించమ్మా అనే మనవి. మా అత్తగారిది దేవరకొండ దిక్కు ఎంబీ చర్చి (మెనోనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టంట్ సంఘం) కుటుంబం, పెండ్లయి వచ్చిన కొత్తల ఆమె నన్ను అడిగింది, బిడ్డా మీరు మరియమ్మను మొక్కుతరా అని. నేను జపమాల మంత్రం మొత్తం చదివి ఇనిపిచ్చిన, అందుల మొదటి సగం సువార్తల దూత, ఎలిజబెతమ్మ అన్న మాటలే, రెండో సగం మా కొరకు ప్రార్థించండి అని. ఆమె ఒప్పుకున్నది. కానీ అదే వారం చర్చిల ఎవరో సినిమా వరుస మీద కట్టిన పాట పాడిన్రు, నువ్వే మా రక్షణ, నిన్నే ఆరాధిస్తం అని, నేను ఆమెకు ఏం జవాబు చెప్పాలె. రాసినోళ్ల మనసుల తప్పు లేదు, ప్రాస కోసం రాసి ఉంటరు, కానీ పాటే జనానికి మతబోధ, ప్రసంగం మరుస్తరు గని పాట మరువరు. 6వ పౌల్ పోపు గారు 1974ల మరియమ్మ భక్తి మీద ఇచ్చిన లేఖల కూడ ఆగమన కాలం ఆమెను తలుచుకునేటందుకు బాగ తగిన కాలం అని చెప్తరు, ఎందుకంటే అక్కడ ఆమె కొడుకు కోసం ఎదురుచూస్తున్న తల్లి, మన చూపు ఆమె మీది నుంచి ఆయన మీదికి పోతది.

అందుకే ఆగమన కాలంల మరియమ్మ పాట పెట్టాలంటె నాలుగో ఆదివారం మంచిది. పూజల చదివే వాక్యాలు మూడేండ్ల చక్రంల తిరుగుతయి, ఏ, బి, సి సంవత్సరాలు అంటం, అందుల ఒక ఏడు యోసేపు కల, ఒక ఏడు గాబ్రియేలు దూత, ఒక ఏడు మరియమ్మ ఎలిజబెతమ్మను చూడబోవుడు, మూడు కూడ ఆ తల్లి చుట్టే. ప్రవేశానికో, కానుకలప్పుడో, ఆఖరుకో పాడుకోవచ్చు. సత్ప్రసాదం (ప్రభువు శరీరమని మేం నమ్మే అప్పం) పుచ్చుకునే వేళ మాత్రం మరియమ్మ పాట నేను పెట్టను, ఆ గడియల మన నోట్లకు వచ్చేది ప్రభువు, ఆయనతోని మాట్లాడే పాటనే ఉండాలె. పెట్టాలంటె ఆమె పాడిన స్తోత్రగీతం పెట్టుండ్రి, లూకా మొదటి అధ్యాయం 46 నుంచి 55, అది ఆమె గురించి పాట కాదు, ఆమె నోటి నుంచి దేవునికి పోయిన పాట. గద్దెల మీద ఉన్నోళ్లను దించి లేనోళ్లను లేపిండు అని, ఆకలిగొన్నోళ్ల కడుపు నింపిండు అని పత్తి ఏరబోయే ఆడోళ్లు పాడుతుంటె నాకు ఒళ్లు జలదరిస్తది ఇప్పటికి. బి సంవత్సరం మూడో ఆదివారం అయితే కీర్తన జాగల ఇదే వస్తది.

తక్కిన మరియమ్మ పండుగల గురించి ఎక్కువ రాయను. ఆగస్టు 15 మోక్షారోపణ (మరియమ్మను దేవుడు మోక్షానికి తీసుకపోయిన పండుగ), సెప్టెంబర్ 8కి ఖైరతాబాద్ వేళాంగణి మాత కాడికి, ఫిబ్రవరి 11కి గుణదలకు మా దిక్కు నుంచి జనం పోతనే ఉంటరు, ఆడ నేర్చుకొచ్చిన పాటలు ఊర్లకు వస్తయి, మంచిదే. కానీ జాతరల పాడే పాట వేరు, పూజల పాడే పాట వేరు. ఊరేగింపుల పాట నడకకు ఉండాలె, అడుగు మీద దరువు పడాలె. దీనికి మనం ఎక్కడికో పోయి నేర్చుకునేది లేదు, బతుకమ్మ చూడుండ్రి. ఒక ఆడామె ఒక్క వాక్యం ఎత్తుతది, నలభై మంది ఉయ్యాలో అని అందుకుంటరు, చప్పట్లే తాళం, కీబోర్డు ఏది అని ఎవ్వరు అడగరు, పుస్తకం ఎవ్వరి చేతుల ఉండదు. అక్టోబర్ జపమాల నెలల మా ఊరు ఊరేగింపుకు నేను ఆ పద్ధతే పెట్టిన, ఒకరు చరణం, అందరు పల్లవి, చప్పట్లు, ఒక జత తాళాలు. మైకు పెట్టిన ఆటో చెడిపోయినా పాట ఆగలే.

శ్రుతి గురించి చెప్పకుంటె ఈ ఉత్తరం సగమే అయితది. కోయిర్ పిల్లలకు సులువైన ఎత్తు వెనక నిలబడ్డ రైతుకు అందదు. నేను పాటల అన్నిటికంటె పై స్వరం ఏదో ముందు చూస్త, అది పై సి పక్కన ఉండే డి దాటితే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి దించుత. పొద్దుగాల 6 గంటల పూజ, డిసెంబర్ చలి, గొంతులు బిగుసుకొని ఉంటయి, ఇంకో అర మెట్టు దించినా తప్పు లేదు. పాటకు ముందు ఒక్క వరుస వాయించి శ్రుతి ఇయ్యాలె, నడుమల బిట్లు చిన్నగ ఉండాలె. ఇప్పుడు ఫోన్ల నుంచి బ్లూటూత్‌తోని ట్రాక్ పెడుతున్నరు, ఆ ట్రాక్ ఎత్తు ఎవరో స్టూడియోల పాడిన గాయని గొంతుకు చేసింది, బిట్ వస్తె జనం నోరు మూసుకొని నిలబడి చూస్తరు, ఫాదర్ గారు కానుకలు అర్పించుడు అయిపోయినా ట్రాక్ అయిపోదు. ఫాదర్ గారు ప్రార్థన చదువుతుంటె వెనకంగ మెల్లగ కీబోర్డు వాయించుడు కూడ అలవాటైంది శాన చోట్ల, అది వద్దు అని 1967ల సంగీతం మీద రోమ్ నుంచి వచ్చిన సూచనలల్లనే ఉన్నది, గురువు పలికే వేళ వాయిద్యం మౌనంగ ఉండాలె, జనం పాడేటప్పుడు వాయిద్యం గొంతులకు ఆసరా కావాలె గని వాటిని మింగొద్దు.

సెమీ క్రిస్మస్ మీటింగులు ఆఫీసులల్ల, ఫంక్షన్ హాళ్లల్ల అయితయి, ఆడ స్టేజీ మీద ఏం పాట పాడినా నాకు పేచీ లేదు, పిలుస్తె నేను కూడ పోయి వాయిస్త. నా మనవి పూజ వరకే. మా దిక్కు కోయిర్ అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు ఈ ఏడు నవంబర్ 22 సిసిలియమ్మ పండుగ నాడు, ఆమె సంగీతకారుల పాలక పునీతురాలు గదా, ఆ రోజు సాయంత్రం ఒక్క గంట కూసొని 4 ఆదివారాల సువార్తలు చదువుకొని, 8వ తారీకు పండుగతోని కలిపి లిస్టు రాసుకోవాలె, రాసినంక ఫాదర్ గారికి ఒకసారి చూపియ్యాలె.

ఎడిటర్ గారూ, మీకు కూడ ఒక మనవి. ఈసారి ఆ మొదటి కొవ్వొత్తి ఫోటో వేసినప్పుడు కింద "ఆగమన కాలం మొదలు" అని రాయించుండ్రి. 24 రాత్రి పూజకు మీ విలేకరిని మా ఊరికి పంపుండ్రి, మహిమ గీతం గంటలు కొట్టేటప్పుడు డప్పు పట్టుకునేది మా వెనక వరుస పెద్దమనిషే, ఆ ఫోటో తీసుకోని పోవచ్చు. ఆలస్యమైతే మా ఇంట్లనే పండుకోవచ్చు.

ఇట్లు,
కోయిర్ల పాడిపిచ్చే ఒక అక్క,
హాలియా దగ్గర, నల్లగొండ జిల్లా